చెక్కడపు చిత్రము క్రింది చిన్న అక్షరములు



పుస్తకము చదువ నేర్చినవారు బొమ్మను చూచుట ప్రత్యేకముగ నేర్వనక్కఱలేదని పలువురు తలంతురు. పుటల నడుమ చిత్రము వచ్చినప్పుడు దానిని ఒక్కమాఱు చూచి, బాగున్నదనియో బాగులేదనియో అనుకొని, పుట త్రిప్పివేయుట మనకందఱకు అలవాటు. కాని వాక్యమునకు కర్త, కర్మ, క్రియ ఉన్నట్లే చిత్రమునకును ఉండును. దీనిని ఎవరు చేసిరి? ఎవరిని గూర్చి చేసిరి? ఎట్లు చేసిరి? ఎవరి సొమ్ముతో, ఎవరి కొఱకు చేసిరి? ఈ ప్రశ్నలు వేయనంతవఱకు మనము చిత్రమును చూచినవారమే కాని చదివినవారము కాము. ఈ సంచికయందు మేము ఒక్క చిత్రమును మాత్రమే గైకొని, దానిని మీతో కూడ నిదానముగ చదువ నుద్దేశించితిమి.

ఆ చిత్రము ఆంగ్లకవియు చిత్రకారుడునగు విలియం బ్లేకుది. అది 1808వ సంవత్సరమున లండను నగరమున ప్రకటింపబడిన ఒక గ్రంథమునకు ముఖపత్రముగ అచ్చువేయబడినది. గొఱ్ఱెపిల్లను గూర్చియు పులిని గూర్చియు ఈయన వ్రాసిన చిన్న పద్యములు ఆంగ్లవాచకములయందు తఱచుగ కానవచ్చును గావున పెద్దతరగతుల వారికి ఈ పేరు కొత్తకాదు. 18వ శతాబ్దాంతము మొదలు 19వ శతాబ్దపు తొలిభాగము వఱకు గల కాలమును సాహిత్యచరిత్రకారులు కాల్పనికయుగమందురు. వర్డ్స్‌వర్తు, కోలరిడ్జి కలిసి తమ గేయసంపుటమును 1798లో ప్రకటించిరి. బ్లేకు వారికంటె వయస్సున పెద్ద. ఫొటోగ్రఫీ లోకమునకు తెలియవచ్చినది 1839లో. అంతకు పూర్వము ఒక కవి ముఖమెట్టిదో దూరదేశమునందలి పాఠకునకు తెలియవలెనన్నచో రాగిరేకుపై చెక్కి కాగితముపై అచ్చువేసిన ఇట్టి చిత్రములే శరణ్యము.

కంటికి కనబడునది

మొదట ఊహలను ప్రక్కనబెట్టి, కన్ను చూచినదానిని మాత్రము చెప్పుదము. ఏబదియేండ్లకు సమీపించిన పురుషుడొకడు కూర్చుండియున్నాడు. నుదురు విశాలము. కన్నులు పెద్దవి. మెడకు తెల్లని వస్త్రము చుట్టబడియున్నది. మీద కోటు తొడిగియున్నాడు. చేతిలో పెన్సిలు కలదు. ఆయన చూపు మనపై లేదు. మన తలలను దాటి, పైనెక్కడనో ఉన్నదానిని చూచుచున్నట్లున్నాడు.

ఇంతవఱకు కన్ను చెప్పినది. ఇంక చెవి విన్నది వేఱు. చిత్రము వ్రాయించుకొనుచున్నప్పుడు బ్లేకు దేవదూతలను గూర్చి చిత్రకారునితో మాటాడుచుండెననియు, ఆ మాటల నడుమ ఆయన ముఖమున కలిగిన వెలుగునే చిత్రకారుడు పట్టుకొనెననియు ఒక కథ బ్లేకు మరణానంతరము అచ్చున వెలువడినది. కథ అందమైనదే. కాని మా శిక్షణకాలమున మొదట నేర్చిన నియమమును మీకును చెప్పుచున్నాము: చూచినది ఒక గడిలో వ్రాయుడు, విన్నది వేఱొక గడిలో వ్రాయుడు, ఊహించినది మూడవ గడిలో వ్రాయుడు. ఈ మూడును కలిసిపోయినచో చరిత్ర కథయగును.

అడుగున ఉన్న పేర్లు

చెక్కడపు చిత్రములయందు బొమ్మకు దిగువను మిక్కిలి చిన్న అక్షరములుండుట ఆ కాలపు ఆచారము. ఎడమవైపున చిత్రము వ్రాసినవాని పేరును, దానివెంట పింక్సిట్ అను లాటినుమాటయు ఉండును. 'వర్ణములతో వ్రాసెను' అని దాని అర్థము. కుడివైపున రాగిరేకును చెక్కినవాని పేరును, స్కల్ప్సిట్ అను మాటయు ఉండును. 'చెక్కెను' అని దాని అర్థము. చిత్రమునందలి భావనను కల్పించినవానిని తెలుపుటకు ఇన్వెనిట్ అను వేఱొక మాట కలదు. స్థలము చాలక ఈ మాటలను సంక్షేపించి రెండు మూడు అక్షరములుగ చెక్కుట కలదు. ఈ మూడు క్రియలను కంఠస్థము చేసికొన్నవాడు ఏ పాత చిత్రమునైనను సగము చదువగలడు.

వీనికి తోడు ప్రకటనకర్త పేరును ప్రకటించిన దినమును ఉండును. ఇది వట్టి అలంకారము కాదు. చెక్కడపు చిత్రములను ఇతరులు దొంగతనముగ నకలుచేసి విక్రయించుచుండగా, హోగార్తు మొదలగు చిత్రకారులు మొఱవెట్టుకొనిరి. అందుపై 1735లో ఇంగ్లండున ఒక చట్టము అమలులోనికి వచ్చినది. రేకుమీద హక్కుదారుని పేరును తేదియు చెక్కియున్నచో 14 సంవత్సరములు ఆ చిత్రమునకు రక్షణ కలదు. 1767లో ఆ గడువు 28 సంవత్సరములకు పెంపబడినది. కావున ఆ చిన్న అక్షరములు కొందఱి జీవనాధారమును కాపాడిన అక్షరములు.

మన దేశపు తామ్రశాసనములందును కొన్నింటి చివర శాసనమును రచించినవాని పేరును, దానిని రేకున చెక్కినవాని పేరును కానవచ్చును. రాజుగారి బిరుదములు ముందు పంక్తులను నింపివేయగా, చెక్కినవాడు కడపటి పంక్తిలో ఒదిగియుండును. చరిత్ర చదువువారికి ఆ కడపటి పంక్తి మొదటిదానికంటె తక్కువ విలువగలది కాదు.

బ్లేకు చిత్రము విషయమున వ్రాసినవాడు థామస్ ఫిలిప్సు. ఆయన 1807లో తైలవర్ణములతో వ్రాసిన పటము ఆ యేడే రాయల్ అకాడమీ ప్రదర్శనమునందుంచబడెను. 1866 నుండి అది లండనునందలి జాతీయ ముఖచిత్రశాలకు చెందియున్నది. చెక్కినవాడు లుయీజీ స్కియవొనెట్టి. ఆయన 1765లో ఇటలీదేశపు బస్సానోలో పుట్టి, లండను చేరి, ఆ పనిలో గొప్ప పేరు సంపాదించినవాడు. ఇక్కడనే మనము ఆగి ఒక ప్రశ్న వేయవలసియున్నది. ఏలన, బొమ్మలో కూర్చున్న బ్లేకు తానును వృత్తిచేత రాగిరేకులు చెక్కువాడే. తన ముఖమును, అంతకంటె ముఖ్యముగ ఆ పుస్తకమునందలి తన చిత్రములను, ఆయన ఏల చెక్కలేదు?

రాగిరేకు పని ఎట్టిది?

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము తెలియవలెనన్నచో ఆ పని ఎంతటిదో ముందు తెలిసికొనవలయును. మన పెద్దలు తాటియాకుపై గంటముతో వ్రాసెడివారు. గంటము ఆకును చీరి సన్నని చాలు చేయును. పిమ్మట మసిని పూసి తుడిచినచో పైమసి పోయి చాలునందలి మసి నిలిచి, అక్షరము నల్లగ కనబడును. రాగిరేకు పనియు మూలమున ఇట్టిదే. నునుపుచేసిన రాగిరేకుపై పదునైన ఉక్కు ఉలితో చాళ్లు త్రవ్వుదురు. సిరాను రేకంతయు పూసి, పైభాగమును శుభ్రముగ తుడిచివేయుదురు. చాళ్లయందు మాత్రము సిరా నిలుచును. తడిపిన కాగితమును దానిమీద పఱచి, రెండు ఉరుళ్ల నడుమ మిక్కిలి ఒత్తిడితో నడిపినచో, కాగితము చాళ్లలోనికి దిగి సిరాను పీల్చుకొనును. తాటియాకును మనము నేరుగ చదువుదుము. రేకునుండి మాత్రము కాగితముపై ప్రతిబింబము దిగును. కావున కుడియెడమలు తాఱుమాఱగును. చెక్కువాడు అక్షరములనుకూడ త్రిప్పియే చెక్కవలయును.

ఉలితో చెక్కుట ఒక్కటే మార్గము కాదు. రేకునకు మైనము కలిసిన పూత పూసి, సూదితో ఆ పూతను మాత్రము గీసి, ద్రావకమున ముంచినచో, పూత తొలగిన తావులను ద్రావకము తినివేయును. ఎంతసేపు ముంచిన అంత లోతు చాలు, అంత నల్లని గీత. కొందఱు రెండు పద్ధతులను కలిపెడివారు. ముఖమునందలి మెత్తదనము చూపుటకు గీతలకు మాఱుగ వేలకొలది సన్నని చుక్కలు పెట్టుటయు కలదు. కోటుమడత నీడలో గీతలపై అడ్డగీతలు సాగును. నూనెచిత్రమునందు రంగు చేయు పనినంతటిని ఇక్కడ గీతయొక్క లావును, లోతును, ఎడమును చేయవలయును. ఒక పెద్దరేకునకు మాసములు పట్టుచుండెను. కావున చిత్రమును గీసినవానికంటె చెక్కినవానికి కూలి అనేకరెట్లు అధికముగ నుండెడిది.

అక్షరములు అచ్చువేయు పద్ధతి దీనికి విరుద్ధము. అచ్చు అక్షరమున ఉబ్బెత్తు భాగమునకు సిరా అంటును. రాగిరేకున లోతునందు సిరా నిలుచును. రెండును ఒక్క యంత్రమున ఒక్కసారి అచ్చుపడవు. అందుచేతనే పాతపుస్తకములయందు చిత్రములు వేఱు పత్రములపై అచ్చుపడి నడుమ నడుమ కుట్టబడియుండును. మఱియు రాగి మెత్తనిది. అచ్చులు పెరిగినకొలది సన్నని గీతలు అరిగిపోవును. తొలిప్రతులకు ధర హెచ్చుగనుండుటకు ఇది కారణము.

చేతిలో ఈ విద్యగల మనుష్యుడు

బ్లేకు 1757వ సంవత్సరము నవంబరు 28వ తేదీన లండనునందు మేజోళ్లు మొదలగునవి విక్రయించు వర్తకుని యింట జన్మించెను. బాల్యముననే బొమ్మలు గీయుటయందు ఆసక్తి కనబఱచెను. తండ్రి ఆయనను 1772లో జేమ్సు బసైరు అను చెక్కడపు పనివానియొద్ద ఏడేండ్లు శిష్యునిగ చేర్చెను. అందులకు చెల్లించిన రుసుము 52 పౌనుల 10 షిల్లింగులు. గురువు పాతకాలపు శుద్ధమైన గీతపనియందు నిపుణుడు. శిష్యుని వెస్టుమినిస్టరు ఆలయమునకు పంపి, అందలి రాజసమాధులపై శిల్పములను గీసికొనిరమ్మనెను. ఏడేండ్లు ఒక్క విద్యయందు కూర్చుండుట ఎట్టిదో, రెండు మాసములలో ఒక విద్యను మానివేయు బాలురు ఆలోచింపవలయును.

తరువాత బ్లేకు పుస్తకవ్యాపారులకు రేకులు చెక్కి జీవించెను. 1788 ప్రాంతమున తన పద్యమును తన బొమ్మను ఒక్క రేకుపైననే ఉబ్బెత్తుగ తేల్చి అచ్చువేయు క్రొత్త పద్ధతిని కనిపెట్టి, 1789లో అమాయకత్వగీతములను పుస్తకమును అట్లు సిద్ధపఱచెను. ఆయన భార్య కేథరిను 1782లో తన వివాహపు రిజిస్టరునందు సంతకమునకు బదులు గుర్తు పెట్టినది. భర్తయొద్ద చదువును వ్రాతయు నేర్చి, అచ్చువేయుటలోను రంగులు పూయుటలోను ఆమె తోడుపడుచుండెను. రేకుల క్రింద వెదకినచో ఆమె పేరు సామాన్యముగ కానరాదు. చిన్న అక్షరములకును అందని చేతులు కొన్ని కలవని మనము గుర్తింపవలయును.

ఇతరుల చిత్రములను చెక్కుటయే బ్లేకు దినభృతి. రోమ్నీ అను చిత్రకారుడు వ్రాసిన కౌపరు కవి ముఖమును, హేలీ రచించిన కౌపరు జీవితచరిత్ర కొఱకు చెక్కినది బ్లేకే. ఆ జీవితచరిత్ర 1803లో వెలువడసాగెను. అనగా ఒకరి ముఖమును వేఱొకరి పటమునుండి రేకునకు దింపు పనివాడై ఆయన ఎన్నియో యేండ్లు గడిపెను. 1808లో తానే ఆ పటమునందలి ముఖమయ్యెను.

1805వ సంవత్సరపు రెండు ప్రకటనలు

స్కాట్లండునందలి మతాచార్యుడు రాబర్టు బ్లేరు 'సమాధి' అను దీర్ఘకావ్యమును 1743లో ప్రకటించెను. ఆయన 1746లో మరణించెను. అరువదియేండ్లకు పిమ్మట రాబర్టు క్రోమెకు అనువాడు ఆ కావ్యమును చిత్రములతో పునర్ముద్రింప తలపెట్టెను. క్రోమెకు తానును చెక్కడపు పని నేర్చినవాడే కాని, అప్పటికి ప్రకటనకర్తగ మారుచుండెను. 1805లో ఆయన బ్లేకును పిలిచి బొమ్మలు గీయుమనెను. ఆ బొమ్మలకు బ్లేకు పొందినది 20 గినీలు, అనగా 21 పౌనులు. ఇది స్వల్పము. ఐనను ఆ రేకులను చెక్కు పనియు తనదే అని బ్లేకు నమ్మియుండెను. నమ్ముటకు ఆధారమును కలదు. 1805 నవంబరునందు క్రోమెకు చందాదారుల కొఱకు అచ్చువేసిన మొదటి ప్రకటనలో 15 చిత్రములుండుననియు, వానిని కల్పించువాడును చెక్కువాడును బ్లేకే అనియు స్పష్టముగనున్నది.

అదే మాసమున రెండవ ప్రకటన వెలువడినది. అందు చిత్రములు 12 మాత్రమే. కల్పించినవాడు బ్లేకు. చెక్కువాడు స్కియవొనెట్టి.

ఈ రెండింటి నడుమ ఏమి జరిగెను? బ్లేకు మాదిరిగ ఒక రేకును చెక్కి చూపెను. మరణద్వారము దానికి విషయము. వృద్ధుడొకడు కఱ్ఱ ఊతముతో సమాధిద్వారమున ప్రవేశించుచుండును. దానిని బ్లేకు తెల్లకాగితమున నల్లగీతలుగ గాక, నల్లని నేలపై తెల్లని గీతలుగ తేల్చెను. నేడు దానిలో ఒక్క ప్రతి మాత్రమే మిగిలియున్నట్లు తెలియును. చూచినవారు దాని బలమును మెచ్చుకొందురు. కాని నాటి కొనుగోలుదారులు నునుపైన పనికి అలవాటుపడినవారు. ఈ మోటుతనమును చూచియే క్రోమెకు వెనుదీసెనని పండితులు ఊహించుచున్నారు. ఊహ గావున దీనిని మూడవ గడిలోనే వ్రాసికొనుడు.

1807లో మఱియొకటి జరిగెను. గ్రంథము రాణి షార్లెటునకు అంకితమీయబడినది. అంకితపద్యమును బ్లేకు వ్రాసెను. దానికి తగిన చిన్న చిత్రమొకటి గీసి పంపి 4 గినీలు కోరెను. క్రోమెకు ఆ చిత్రమును త్రిప్పిపంపి, కఠినమైన లేఖ వ్రాసెను. 1808లో గ్రంథము వెలువడినప్పుడు దానికి ఐదువందలకు మించి చందాదారులుండిరి. మొదట తెఱచినవారికి కనబడిన ముఖము కావ్యకర్తయైన బ్లేరుది కాదు, చిత్రకారుడైన బ్లేకుది. పని తీసివేయబడినవాని ముఖము, ఆ పనిని పొందినవాని చేతిమీదుగ, గ్రంథమునకు తలవాకిట నిలిచినది.

తప్పు ఎవరిది?

ఈ కథను వినిన బాలురు వెంటనే క్రోమెకు దుర్మార్గుడనియు, స్కియవొనెట్టి అన్యాయముగ అడ్డువచ్చినవాడనియు తీర్పుచెప్పుదురు. బ్లేకు తానును అట్లే తలంచి, తన సొంత వ్రాతపుస్తకమునందు ఇరువురను ఎత్తిపొడుచు పద్యములు వ్రాసికొనెను. కాని న్యాయాధిపతి రెండు పక్షములను వినవలయును.

క్రోమెకు పక్షమున చెప్పదగినది ఇది. రేకులకు, కాగితమునకు, అచ్చునకు సొమ్ము పెట్టినవాడు ఆయన. పుస్తకము అమ్ముడుపోనిచో నష్టపడువాడును ఆయనయే. జనులు కోరు పద్ధతి యేదియో వ్యాపారి చూడవలసియుండును. ఆయనకు విరుద్ధముగ చెప్పదగినది ఇది. ఒకరికి పని వాగ్దానముచేసి, ఆ వాగ్దానమును అచ్చువేసి, తక్కువ వెలకు బొమ్మలను గైకొని, పిమ్మట లాభకరమైన భాగమును మఱియొకరికిచ్చుట నాణ్యమైన వ్యవహారము కాదు. చట్టము రేకును దొంగలనుండి రక్షించెను. పనివానికిచ్చిన మాటను అది రక్షింపలేదు.

స్కియవొనెట్టి విషయమేమి? ఆయన తన కిచ్చిన పనిని శ్రద్ధతో చేసెను. బ్లేకు గీతలయందలి తీవ్రతను కొంత మెత్తపఱచినను, దేహముల వంపులను, వెలుగునీడలను చక్కగ దింపెను. గ్రంథము వెలువడిన రెండేండ్లకు, 1810లో, నలువదియైదేండ్ల ప్రాయమున ఆయన మరణించెను. ఆయనను గూర్చి నేడు చెప్పుకొనువారు మిక్కిలి తక్కువ. బ్లేకును ఎఱిగినవారు వేలకొలది. ఒకప్పుడు ఒకని పేరుండుట చేత పుస్తకము అమ్ముడుపోయినది. ఇప్పుడు రెండవవాని పేరుండుట చేతనే మొదటివాని పని చూడబడుచున్నది. కీర్తి ఇట్లు చేతులు మాఱుచుండును గావున దానిని బట్టి పని విలువను నిర్ణయింపరాదు.

చేతిలోని పెన్సిలు

ఇంక మరల చిత్రమును చూడుడు. బ్లేకు చేతిలో నున్నది పెన్సిలు. ఏడేండ్లు నేర్చి, ముప్పదియేండ్లకు సమీపముగ అన్నము పెట్టిన ఉలి ఆ చేతిలో లేదు. ఇది యాదృచ్ఛికము కాదని మాకు తోచుచున్నది. ఆ కాలమున చిత్రమును కల్పించువాడు ఉన్నతుడనియు, చెక్కువాడు అనుకరించు పనివాడనియు ఒక భేదముండెను. రాయల్ అకాడమీలో చెక్కడపు పనివారికి 1769 నుండి అనుబంధసభ్యత్వము మాత్రమే ఉండెను. పూర్ణసభ్యత్వము 1855లో గాని లభింపలేదు. కావున చిత్రకారుడు తన మిత్రుని గౌరవింపదలచి ఆయన చేతికి కల్పనాచిహ్నమగు పెన్సిలునిచ్చియుండవచ్చును. గౌరవము మంచిదే. కాని ఆ గౌరవమునందే ఉలిపట్టిన చేతిపట్ల లోకమునకు గల చిన్నచూపు దాగియున్నది. బ్లేకు మనస్సున ఈ రెండు పనులును వేఱుకావు. గీయుటయు చెక్కుటయు ఒక్క చేయి చేసినప్పుడే భావము చెడకుండునని ఆయన జీవితమంతయు పట్టుపట్టెను.

తరువాతి కథ

1809లో బ్లేకు తన సోదరుని దుకాణమునందు సొంతముగ చిత్రప్రదర్శన మేర్పఱచెను. దానిని గూర్చి పత్రికలో వచ్చిన ఒక్కగానొక్క సమీక్ష ఆయనను పిచ్చివానిగ నిందించినది. క్రోమెకు 1812లో మరణించెను. 'సమాధి' రేకులు అకర్‌మన్ అను ప్రకటనకర్త చేతికిపోయి 1813లో మరల అచ్చుపడెను. 1826లో ఆ రేకులనే స్పానిషుభాషలోని ఒక పద్యగ్రంథమునకు ఉపయోగించిరి. బ్లేకు గీసిన మూలచిత్రములు మాత్రము 1836లో ఎడింబరో నగరపు వేలములో అమ్ముడుపోయి కంటికి కానరాకుండ పోయెను. 2001లో గ్లాస్గోనగరపు పాతపుస్తకముల దుకాణములో వానిలో 19 బయటపడెను. 2006లో న్యూయార్కున వేలమువేయగా అవి చెల్లాచెదరయ్యెను. అనగా నూటయఱువదియేండ్లకు పైగ ఆ కల్పనలను లోకమునకు చూపినవి స్కియవొనెట్టి చెక్కిన రేకులే. బ్లేకు నొప్పించిన ఆ చేయియే బ్లేకు భావమును కాపాడినది. చరిత్రయందు న్యాయాన్యాయములు ఇట్లు అల్లుకొనియుండును. ఒక్క దారమును లాగి మొత్తము తెలిసినదనుకొనరాదు.

బ్లేకు తాను కోరిన పనిని కడపట పొందెను. 1823లో జాన్ లిన్నెలు అను యువచిత్రకారుడు ఆయనతో వ్రాతపూర్వకముగ ఒడంబడిక చేసికొని, యోబు గ్రంథమునకు చిత్రములు చెక్కుమని కోరెను. ప్రతిఫలము 100 పౌనులు. లాభము వచ్చినచో మఱికొంత. వృద్ధుడైన బ్లేకు గురువు నేర్పిన శుద్ధమైన ఉలిపనితో 22 రేకులు సిద్ధముచేసెను. అవి 1826లో వెలువడెను. మఱుసటి యేడు ఆగస్టు 12వ తేదీన ఆయన కన్నుమూసెను. యోబు రేకుల అడుగున చిన్న అక్షరములను చూచినచో, కల్పించెను అనియు చెక్కెను అనియు రెండు క్రియలున్నవి. వానికి కర్త ఒక్కడే. 1805వ సంవత్సరపు మొదటి ప్రకటనలో చెప్పబడి, రెండవదానిలో తీసివేయబడిన మాట ఇరువదియేండ్లకు ఇట్లు నెఱవేఱినది.

మనకు గల ప్రయోజనము

విద్యార్థులారా, మీ పుస్తకమునందలి పటమునైనను, గోడమీది చిత్రమునైనను, దేవాలయద్వారపు చెక్కడమునైనను చూచునప్పుడు పెద్ద అక్షరములతో ఆగిపోకుడు. క్రిందికి వంగి చిన్న అక్షరములను చదువుడు. అక్షరములు లేనిచోట, ఇది ఎవరి చేతిపని అని అడుగుడు. తలిదండ్రులకును ఒక మాట మనవిచేయుచున్నాము. మీ పిల్లవాడు చేతిపనియందు ఆసక్తి చూపినచో అది చదువునకు తక్కువయని త్రోసిపుచ్చకుడు. బ్లేకు తండ్రి చిన్న వర్తకుడు. కుమారుని చేతిని గమనించి రుసుము చెల్లించెను. ఆ చేయి నేర్చిన పని కవియై వెలసిన తరువాతను ఆయనకు అన్నము పెట్టినది.

తరగతియందు చర్చించుటకు కొన్ని ప్రశ్నలు:

1. రాగిరేకుపై అక్షరములను త్రిప్పి చెక్కవలసిన కారణమేమి? అద్దము సహాయముతో మీ పేరును అట్లు వ్రాసి చూపుడు.

2. తాటియాకుపై గంటపు వ్రాతకును, రాగిరేకు చెక్కడమునకును గల పోలికలు రెండు, భేదములు రెండు తెలుపుడు.

3. మీరు క్రోమెకు స్థానమున నున్నచో రెండవ ప్రకటనను అచ్చువేయుటకు ముందు బ్లేకునకు ఏమని లేఖ వ్రాసియుందురు? పది పంక్తులకు మించకుండ వ్రాయుడు.

4. మీ యింటనున్న ఏదేని ఒక పాతచిత్రమును గాని, చెక్కిన వస్తువును గాని గైకొని, చూచినది, విన్నది, ఊహించినది అను మూడు గడులను పూరించి తీసికొనిరండు.